ఫోను ఒక్కటే, ఆధారాలు అనేకం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం విజయవాడ, గుంటూరు నగరాలనుంచి వచ్చినవే. రాసినవారి వయసులూ వృత్తులూ వేరైనా అందరి ఆరాటమూ ఒకచోటికే చేరుతోంది. రోజంతా మనం ఏ ఫోనుమీద ఆధారపడుతున్నామో, ఆ ఫోను మళ్ళీ దేనిమీద ఆధారపడి నడుస్తోంది, ఆ ఆధారాలలో ఒకటి తెగితే మన పని ఎక్కడ ఆగుతుంది అన్నదే వారి ప్రశ్న. ఉత్తరాలను కుదించి, పేర్లు తీసివేసి ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: మాది అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మేము రెండో అంతస్తులో చిక్కుబడిపోయాము. ముందు కరెంటు, తరువాత సిగ్నల్, ఆ తరువాత ఫోనులో ఛార్జింగ్ పోయాయి. గుంటూరులో ఉన్న మా అమ్మాయి నంబరు నాకు నోటికి రాదు. బ్యాంకులో డబ్బున్నా పాల ప్యాకెట్టు కొనడానికి చేతిలో నోటు లేదు. టవరు నీళ్ళలో మునగలేదు కదా, సిగ్నల్ ఎందుకు పోయింది? మళ్ళీ అటువంటి పరిస్థితి వస్తే ఏమి సిద్ధం చేసుకుని ఉండాలి?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, సిగ్నల్ ఎందుకు పోయిందన్న మీ మొదటి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే సిద్ధపాటు ఎలా ఉండాలో దానినిబట్టే తేలుతుంది. మేడలమీద మనకు కనబడే సెల్ టవరు కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోగానే దానికి అనుబంధంగా ఉన్న బ్యాటరీలు కొన్ని గంటలపాటు పని సాగనిస్తాయి. ఆ తరువాత, జనరేటరు ఉన్నచోట, డీజిలే దిక్కు. నీళ్ళు నిలిచిన వీధిలోకి డీజిల్ చేర్చే దారి లేనప్పుడు, టవరు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నా మూగబోతుంది. అంతేకాక, టవరు మన మాటను గాలిలో అందుకున్నా, దానిని ముందుకు పంపడానికి ఫైబరు కేబులో, మరో టవరుతో కలిపే మైక్రోవేవ్ లంకెయో కావాలి. ఆ దారి ఎక్కడ తెగినా, విద్యుత్తు ఉన్న టవరుకూడా పనికిరాకుండా పోతుంది. ఇవి రెండూ తప్పించుకుని నిలిచిన ఒకటి రెండు టవర్లమీద పేట మొత్తం ఒక్కసారిగా పడుతుంది కనుక, సిగ్నల్ గీతలు కనబడుతున్నా కాల్ కలవదు.

అటువంటి వేళ పదేపదే కాల్ చేయడంకన్నా చిన్న ఎస్సెమ్మెస్ పంపడం మేలు. కాల్ కలవాలంటే రెండు ఫోన్లకూ ఒకే సమయంలో దారి దొరకాలి. ఎస్సెమ్మెస్‌కు ఆ నిర్బంధం లేదు. అది కంపెనీ కేంద్రంలో నిలవ ఉండి, అవతలి ఫోను సిగ్నల్‌లోకి వచ్చినప్పుడు చేరుతుంది. "మేడమీద క్షేమంగా ఉన్నాము, నలుగురము, తాగునీరు కావాలి" అన్నంత మాట చాలు. ఫోనులో "అత్యవసర కాల్స్ మాత్రమే" అని కనబడితే, మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరొక కంపెనీ టవరు అందుతున్నదని అర్థం. అప్పుడు 112కు ప్రయత్నించాలి. పెద్ద విపత్తులలో ఒక కంపెనీ వినియోగదారులు మరొక కంపెనీ టవర్లను వాడుకునేలా టెలికాం శాఖ తాత్కాలికంగా అనుమతింపజేసే ఏర్పాటు కూడా ఉన్నది. అది అమలులోకి వచ్చిందని తెలిస్తే, సెట్టింగులలో నెట్‌వర్కును చేత్తో ఎంచుకుని చూడవచ్చు.

ఛార్జింగ్ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను టవరును అందుకోవడానికి ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తూ, మళ్ళీ మళ్ళీ వెతుకుతూ ఉంటుంది. ఊరికే బల్లమీద ఉంచినా బ్యాటరీ తరిగిపోయేది అందుకే. కాబట్టి సిగ్నల్ లేనప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గంటకో రెండు గంటలకో ఒకసారి తెరిచి చూడండి. ఇంట్లో నాలుగు ఫోన్లు ఉంటే మూడింటిని పూర్తిగా ఆపివేసి, ఒకదానినే వాడండి. వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఇంట్లో ఉండటం ఇక్కడ అక్కరకు వస్తుంది. తుపాను, భారీవర్ష హెచ్చరిక వచ్చిన రోజునే పవర్‌బ్యాంకు నిండా ఛార్జి చేసిపెట్టుకోవాలి.

ఇక నా దృష్టిలో వీటన్నిటికన్నా ముఖ్యమైనది కాగితం. పది నంబర్లు చేత్తో రాసి, ఆధార్, బ్యాంకు పుస్తకం, మందుల చీటీ నకళ్ళతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి, అటకమీదనో బీరువా పై అరలోనో ఉంచండి. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో పత్రాలు ఉండటం మంచిదే, కాని దానిని తెరవడానికీ ఫోను, నెట్, ఓటీపీ మూడూ కావాలి. ఒక వారం ఇంటి ఖర్చుకు సరిపడా చిన్న నోట్లు కూడా ఆ కవరులోనే ఉండాలి. అయిదువందల నోటుకు పడవమీద ఎవరూ చిల్లర ఇవ్వలేరు. సెల్లులతో నడిచే చిన్న రేడియో ఒకటి కొని ఉంచండి. 1948 డిసెంబరునుంచి మాట్లాడుతున్న ఆకాశవాణి విజయవాడ కేంద్రం వినడానికి మీ పేటలో టవరు పనిచేయనక్కరలేదు.

ప్రభుత్వం పంపే విపత్తు హెచ్చరికల గురించి ఒక మాట. 2023లో దేశవ్యాప్తంగా పరీక్షగా ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగినప్పుడు చాలామంది కంగారుపడి ఆ సెట్టింగును ఆపివేశారు. దయచేసి మళ్ళీ తెరిచి ఉంచండి. ఆ సందేశం ఒక్కొక్క నంబరుకూ విడిగా పోదు, టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి ప్రసారమవుతుంది. అందువల్ల కాల్స్ రద్దీ దానికి అడ్డురాదు.

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో నాకు మందుల దుకాణం ఉన్నది. కొనుగోలుదారు డబ్బు వెళ్ళిందని తెర చూపిస్తాడు, మా సౌండ్‌బాక్సు పలకదు. పలకలేదని మందులు ఇవ్వకపోతే తగాదా, ఇస్తే అనుమానం. డబ్బు మధ్యలో ఎక్కడ ఆగుతున్నది? నేను దేనిని నమ్మాలి?
— మందుల దుకాణదారు, గుంటూరు

సమాధానం: యూపీఐ చెల్లింపు మనకు ఒకే అడుగులా కనబడినా, దానిలో కనీసం నాలుగు చేతులు మారుతాయి. కొనుగోలుదారు యాప్‌నుంచి కోరిక ఆ యాప్‌కు అండగా ఉన్న బ్యాంకుకు, అక్కడినుంచి దేశంలో యూపీఐని నిర్వహించే సంస్థ ఎన్‌పీసీఐ నడిపే కేంద్ర వ్యవస్థకు పోతుంది. ఆ వ్యవస్థ కొనుగోలుదారు ఖాతా ఉన్న బ్యాంకును అడిగి సొమ్ము తీయిస్తుంది, తరువాత మీ బ్యాంకుకు చెప్పి జమ చేయిస్తుంది, ఆ జవాబు మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. 2016 ఏప్రిల్‌లో 21 బ్యాంకులతో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు వేరుశెనక్కాయల బండిదాకా వచ్చింది. ఆ నాలుగు చోట్లలో ఏ ఒక్కటి ఆలస్యం చేసినా చెల్లింపు మధ్యలో వేలాడుతుంది. 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐకి అంతరాయం కలిగినప్పుడు యాప్ ఏదైనా, బ్యాంకు ఏదైనా చెల్లింపులు కుంటుపడటానికి కారణం, దారులన్నీ ఆ ఒక్క కేంద్రం గుండానే పోవడం.

సౌండ్‌బాక్సు ఈ వరుసలో లేనే లేదు. డబ్బు జమ అయిన తరువాత ఆ కబురును, తన లోపల ఉన్న సిమ్ ద్వారా విని, పైకి చెప్పే పరికరం మాత్రమే అది. దానికి సిగ్నల్ అందకపోయినా, ఛార్జింగ్ తగ్గినా సొమ్ము వచ్చి ఉండికూడా పలకకపోవచ్చు. అలాగని కొనుగోలుదారు చూపే తెరను నమ్మమని నేను చెప్పను, ఎందుకంటే అచ్చం అటువంటి తెరను చూపించే నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి. మీరు నమ్మవలసినది మీ వ్యాపార యాప్‌లోనో, మీ బ్యాంకు ఖాతాలోనో కనబడే జమను. అది కనబడనప్పుడు ఎదుటివారి తెరమీద ఉన్న 12 అంకెల లావాదేవీ సంఖ్యను, వేళను, మొత్తాన్ని పుస్తకంలో రాసుకోండి. బ్యాంకుతో వాదించడానికి ఆ సంఖ్య ఒక్కటే పనికివస్తుంది. తెర ఫొటో అంతగా పనికిరాదు.

గడువులు కూడా తెలిసి ఉండాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వ్యక్తినుంచి వ్యక్తికి పంపిన సొమ్ము ఇటు తగ్గి అటు చేరకపోతే, లావాదేవీ జరిగిన మరునాటిలోగా వెనక్కి రావాలి. దుకాణానికి చేసిన చెల్లింపు విషయంలో ఆ గడువు 5 రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం వినియోగదారుకు దక్కాలి, దానికోసం విడిగా ఫిర్యాదు చేయనక్కరలేదని కూడా ఆ ఆదేశాలు చెబుతున్నాయి. "మా డబ్బు పోయింది" అని మీతో గొడవపడేవారికి ఈ సంగతి నెమ్మదిగా చెబితే సగం తగాదా చల్లారుతుంది. మీ అద్దంమీద అతికించిన క్యూఆర్ మీ సొంత నంబరుదా, వ్యాపార ఖాతాదా అన్నది ఒకసారి సరిచూసుకోండి; పై రెండు గడువులలో ఏది వర్తిస్తుందో దానినిబట్టే ఉంటుంది.

చిన్న మొత్తాలకు యూపీఐ లైట్ వాడమని తెలిసినవారికి చెప్పండి. అందులో ముందుగా ఫోనులోకి వేసుకున్న నిల్వనుంచే సొమ్ము పోతుంది, పిన్ అడగదు, ఆ క్షణంలో కొనుగోలుదారు బ్యాంకు సర్వరును తట్టే పని ఉండదు. కాబట్టి అతని బ్యాంకు మొరాయించినా చెల్లింపు సాగుతుంది. ఒక్కసారికి 1,000 రూపాయలు, నిల్వకు 5,000 రూపాయలు పరిమితి. అయితే నెట్ లేకుండా ఇది పనిచేస్తుందని కొందరు అనుకుంటున్నారు; మామూలు యూపీఐ లైట్‌కు నెట్ కావాలి.

మీది మందుల దుకాణం. జ్వరంతో ఉన్న పిల్లకోసం వచ్చినవారిని సర్వరు పనిచేయలేదన్న కారణంగా వెనక్కి పంపవలసిన అవసరం లేకుండా, పాత పద్ధతిలో ఖాతా పుస్తకం ఒకటి గల్లాపెట్టె పక్కన ఉంచుకోవడం మీకూ వారికీ మంచిది.

ప్రశ్న: ఇంటింటికీ భోజనం చేరవేసే పని నాది. ఫోను బైకు హ్యాండిల్‌మీదే ఉంటుంది. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నం తెర మసకబారుతుంది, పవర్‌బ్యాంకు పెట్టినా ఛార్జింగ్ ఎక్కదు. ఫోను పాడైనట్టేనా?
— లక్ష్మీపురం, గుంటూరు

సమాధానం: పాడైనట్టు కాదు, తనను తాను కాపాడుకుంటున్నట్టు. ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ రకానికి వేడి పెద్ద శత్రువు. వేడిగా ఉన్నప్పుడు ఛార్జి ఎక్కిస్తే దాని ఆయుష్షు వేగంగా తరుగుతుంది. అందుకే ఫోను తెర వెలుగు తగ్గిస్తుంది, ఛార్జింగ్ ఆపుతుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని తయారీదారే చెబుతుండగా, మన దగ్గర మే నెలలో నీడలోనే 40 దాటుతుంది. ఎండలో నిలిపినప్పుడు ఫోనును తీసి జేబులో కాక సంచిలో పెట్టండి, వెనుక మందపాటి కవరు ఉంటే తీసివేయండి, పవర్‌బ్యాంకును నడుస్తుండగా కాక నీడన ఆగినప్పుడు పెట్టండి. ఐసుముక్కమీదనో ఫ్రిజ్‌లోనో పెట్టవద్దు, లోపల తేమ చేరుతుంది. వెనుకభాగం ఉబ్బినట్టు కనబడితే మాత్రం ఆ క్షణంనుంచి వాడటం మానివేసి, బ్యాటరీ మార్పించాలి.

ప్రశ్న: పటమటలో ఆటో నడుపుతాను. బెంజ్ సర్కిల్ వంతెన ఎక్కినా, కింద సర్వీసు రోడ్డులో పోతున్నా మ్యాప్ ఒకేలా చూపుతుంది. వన్‌టౌన్ సందులలో బాణం పక్క వీధిలోకి దూకుతుంది. ఎక్కినవారు మ్యాప్‌నే నమ్ముతున్నారు, నన్ను నమ్మడం లేదు.
— ఆటో డ్రైవరు, విజయవాడ

సమాధానం: మీ ఫోను తానెక్కడున్నదో తెలుసుకునేది భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలనుంచి. ఒక్కొక్క ఉపగ్రహం తన అణుగడియారం ప్రకారం సమయాన్ని ప్రసారం చేస్తుంది. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి ఫోను దూరాన్ని లెక్కకడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితేనే స్థానం సరిగా తేలుతుంది. ఆరుబయట, ఆకాశం పూర్తిగా కనబడేచోట కూడా మామూలు ఫోను లెక్కలో దాదాపు 5 మీటర్ల తేడా ఉంటుంది, ఎత్తు విషయంలో తేడా ఇంకా ఎక్కువ. వంతెన, దాని పక్కనున్న సర్వీసు రోడ్డు ఆ తేడాకు లోపలే ఉన్నాయి కనుక రెండింటినీ విడదీయడం ఫోనుకు కష్టం. వన్‌టౌన్ సందులలో సంకేతాలు ఎదురుబొదురు మేడల గోడలకు తగిలి, చుట్టు తిరిగి వస్తాయి. ఆలస్యంగా వచ్చిన సంకేతాన్ని ఫోను ఎక్కువ దూరంగా పొరబడి, మిమ్మల్ని పక్క వీధిలో నిలబెడుతుంది. అటువంటిచోట మీ అనుభవమే సరైనది, ఆ మాట ప్రయాణికులకు ధైర్యంగా చెప్పండి.

ఇంకొకటి. ఉపగ్రహ సంకేతానికి నెట్ అక్కరలేదు, నెట్ కావలసినది మ్యాప్ బొమ్మకు, ట్రాఫిక్ సమాచారానికి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు నగరం మ్యాప్‌ను ముందే దింపుకుని పెట్టుకుంటే, డేటా అయిపోయిన రోజున కూడా దారి కనబడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగంలో చేరాడు. ఇక్కడి నంబరు రీఛార్జి ఎందుకని వదిలేశాడు. ఇప్పుడు బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ ఏదీ రావడం లేదు. ఆ నంబరు వేరొకరికి ఇచ్చేస్తారా?
— గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ఇస్తారు. వాడుక ఆగి రద్దయిన నంబరును కంపెనీలు కనీసం 90 రోజులపాటు పక్కన ఉంచి, ఆ తరువాత కొత్తవారికి కేటాయించవచ్చు. మన ప్రాంతంలో ప్రతి వీధినుంచీ ఒక బిడ్డ విదేశంలో ఉన్న కాలంలో ఈ సంగతి ఇంటింటా తెలిసి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మొబైల్ నంబరు ఇప్పుడు మాట్లాడుకోవడానికి మాత్రమే కాదు. బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను, పాసుపోర్టు, ఈమెయిలు, అన్నిటి తలుపులకూ అదొక్కటే తాళంచెవి. ఆ తాళంచెవి ముక్కుముఖం తెలియని మనిషి చేతికి పోతే, అతడు సజ్జనుడైనా మీ ఓటీపీలు అతనికే చేరతాయి.

కాబట్టి ఆలస్యం చేయకుండా ఈ రోజే ఆ కంపెనీ దుకాణానికి వెళ్ళి నంబరు ఇంకా మీ అబ్బాయి పేరున ఉన్నదేమో అడగండి. ఉంటే రీఛార్జి చేయించి, అంతర్జాతీయ రోమింగ్ తెరిపించండి, ఓటీపీలు అక్కడే అందుతాయి. లేకపోతే బ్యాంకుకు వెంటనే లిఖితపూర్వకంగా తెలిపి పాత నంబరును తొలగింపజేయాలి. అతడు ప్రవాసి హోదాలోకి మారాడు కనుక ఇక్కడి పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓ (ప్రవాసులు ఇక్కడి ఆదాయంకోసం ఉంచుకునే) ఖాతాగా మార్పించుకోవలసిన బాధ్యత ఎటూ ఉన్నది. ఆ పనితోపాటే అమెరికా నంబరును నమోదు చేయించుకోవచ్చు. ఎన్ఆర్ఓ ఖాతాలకు, విదేశీ సంపాదన దాచుకునే ఎన్ఆర్ఈ ఖాతాలకు అమెరికా సహా కొన్ని దేశాల నంబర్లతో యూపీఐ వాడుకునే వీలును 2023 జనవరిలోనే ఎన్‌పీసీఐ కల్పించింది, మీ బ్యాంకు ఆ సౌకర్యం ఇస్తున్నదేమో అడగండి. ఆధార్‌లో నంబరు మార్పును అతడు సెలవులకు వచ్చినప్పుడు ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో చేయించుకోవచ్చు.

ఫోను పోగొట్టుకున్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది. నెహ్రూ బస్టాండు రద్దీలో ఫోను పోయిందని ఇద్దరు పాఠకులు రాశారు. మొదట సిమ్‌ను ఆపించండి, తరువాత పోలీసు ఫిర్యాదు ఇచ్చి, టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో ఫోను ఐఎంఈఐ సంఖ్య (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి పరికరాన్నే నిరోధించండి. ఆ 15 అంకెల సంఖ్య ఫోను చేతిలో ఉండగానే *#06# నొక్కి కాగితంమీద రాసుకోవలసినది. కొత్త సిమ్ వచ్చిన తరువాత మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు అందవు. మోసగాళ్ళు మీ పేరున సిమ్ తీసుకున్నా వెంటనే ఓటీపీలు దక్కకుండా చేసిన కట్టడి అది, కంగారుపడవద్దు.

ప్రశ్న: మా మామగారికి 78 ఏళ్ళు. బటన్ ఫోను తప్ప మరొకటి ముట్టరు. పింఛను, కరెంటు బిల్లు, ఆసుపత్రి చీటీ అన్నీ మా అబ్బాయే తన ఫోనులో చూస్తాడు. ఆయనకు స్మార్ట్‌ఫోను అలవాటు చేయమని అందరూ అంటున్నారు. బలవంతపెట్టాలా?
— సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: బలవంతపెట్టవద్దమ్మా. ఆయనకు వచ్చిన ఫోనుతోనే ఆయన పని ఆయన చేసుకునే దారులు ఉన్నాయి, వాటిని చూపించండి. బటన్ ఫోన్లకోసం 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది. ఒక నంబరుకు కాల్ చేసి, వినబడే సూచనల ప్రకారం మీటలు నొక్కి డబ్బు పంపవచ్చు. ఒక్కసారికి 10,000 రూపాయలవరకు అనుమతి ఉన్నది. *99# అనే పాత పద్ధతి కూడా నెట్ లేకుండానే నడుస్తుంది, కాని అన్ని కంపెనీల సిమ్‌లలోనూ పనిచేయదు కనుక ముందే ఒకసారి బ్యాంకు నిల్వ అడిగి పరీక్షించండి. ధ్రువపత్రాల పనులకు రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో 161 సేవలతో ప్రారంభించిన మన మిత్రను మీ అబ్బాయి వాడి పెట్టవచ్చు.

అయితే అన్నీ మీ అబ్బాయే చూస్తున్నాడంటే ఆయన పిన్ కూడా మనుమడికి తెలిసే ఉంటుంది, అది నాకు నచ్చలేదు. పిల్లవాడిమీద అనుమానంతో అనడం లేదు. తన సొమ్ము తన చేతిమీదుగా పోవాలన్న పెద్దవారి గౌరవం గురించి అంటున్నాను. మనుమడు పక్కన కూర్చోవచ్చు, పిన్ మాత్రం ఆయనే నొక్కాలి. డబ్బు మనకు రావడానికి పిన్ ఎన్నడూ అక్కరలేదని, ఫోనులోనే అరెస్టు చేశామంటూ మోసగాళ్ళు బెదిరించే "డిజిటల్ అరెస్టు" అనేది మన చట్టంలోనే లేదని, ఎవరు ఎంత గద్దించినా ఫోను పెట్టివేయవచ్చని ఆయనకు ఓపికగా నాలుగుసార్లు చెప్పండి. పొరపాటున సొమ్ము పోతే గంటలలోపే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి కాల్ చేయాలి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవారి మోసంవల్ల ఖాతాలో సొమ్ము పోయినప్పుడు, బ్యాంకునుంచి కబురు అందిన 3 పనిదినాలలోగా తెలిపితే ఖాతాదారుమీద భారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జులై ఆదేశం చెబుతోంది. పిన్, ఓటీపీ మనమే చెప్పిన సందర్భానికి ఆ రక్షణ వర్తించదు.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. యాప్‌లు తయారుచేయడం నేర్చుకుంటున్నాము, కాని వాటి అడుగున ఏమున్నదో, ఎవరు చేస్తున్నారో మాకెవరూ చెప్పలేదు. అది తెలుసుకోవడంవల్ల ప్రయోజనం ఉంటుందా?
— విద్యార్థిని, కానూరు, విజయవాడ

సమాధానం: ఈ నెల ఉత్తరాలలో నాకు అత్యంత సంతోషం కలిగించినది నీది. ఫోను తయారుచేసిన కంపెనీ పేరు అందరికీ తెలుసు. దాని లోపల పనిచేసే సాధనాలను రాసినవారి పేర్లు చాలా తక్కువమందికి తెలుసు. ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది లినక్స్ కెర్నెల్, అంటే పరికరం భాగాలన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము. 1991లో ఫిన్‌లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టినది అది. నీ వాట్సాప్ సంభాషణలు ఫోనులో నిలవ ఉండేది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో. దానిని రిచర్డ్ హిప్ 2000లో అమెరికా యుద్ధనౌక ఒకదానికి సంబంధించిన పనిలో ఉండగా రూపొందించారు. ఇప్పటికీ కొద్దిమందే దానిని చూసుకుంటున్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, 2050 దాకా నిర్వహిస్తామని మాట ఇచ్చారు. ప్రపంచంలో దాదాపు ప్రతి ఫోనులోనూ ఉన్న సాధనం వెనుక ఒక చిన్న గదిలో పట్టేంత మంది ఉన్నారన్న సంగతి ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థికీ తెలియాలి.

తెలియకపోతే ఏమవుతుందో 2024 మార్చి 29న బయటపడింది. లినక్స్ సర్వర్లలో విరివిగా వాడే ఎక్స్‌జెడ్ అనే ఫైలు కుదింపు సాధనాన్ని ఒక్కరే స్వచ్ఛందంగా చూసుకుంటూ అలసిపోయి ఉండగా, సాయం చేస్తానని వచ్చిన ఒక అజ్ఞాతవ్యక్తి రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగదారి అమర్చాడు. సర్వరులోకి ప్రవేశించడానికి మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతున్నదేమని అనుమానించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూసి దానిని పట్టుకున్నారు. అర సెకను తేడాను పట్టించుకునే ఆ ఓపిక పాఠ్యప్రణాళికలో ఉండదు. ఇతరులు రాసిన కోడును చదవడంవల్లనే అలవడుతుంది.

మన భాషకు సంబంధించిన ఉదాహరణ ఇంకా దగ్గరిది. ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటరు సంకేతసంఖ్యలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు 1991లో, మొదటి కూర్పులోనే స్థానం దొరికింది. కాని సంకేతసంఖ్యలు ఉన్నంత మాత్రాన తెరమీద తెలుగు నిలవదు. హల్లు, పొల్లు, ఒత్తు, గుణింతం వరుసగా వచ్చినప్పుడు వాటిని ఏ రూపంలో కలపాలో, ఒత్తును ఎక్కడ దించాలో నిర్ణయించే సాధనం వేరే ఉండాలి. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఐఫోన్లలో ఆ పనికి కంపెనీ సొంత సాధనం ఉన్నది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే మన అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తుతో కలిసి వచ్చినప్పుడు, దానిని గీయలేక ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ సందేశం అందుకున్నవారు యాప్‌ను మళ్ళీ తెరవలేకపోయారు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 కూర్పుతో దానిని సరిచేశారు. ఒత్తులమీద, గుణింతాలమీద చిన్ననాటినుంచి పట్టు ఉన్నవారు పరీక్షించే చోట ఇంకా ఎక్కువమంది ఉండి ఉంటే, అటువంటి లోపం బయటికి రాకముందే దొరికేదని నా నమ్మకం.

నీవు చేయగలిగినది ఇది. నీ ఫోను సెట్టింగులలో "ఓపెన్ సోర్స్ లైసెన్సులు" అనే పుట తెరువు. నీ పరికరం ఎన్ని సాధనాలమీద నిలబడి ఉన్నదో అక్కడ వరుసగా కనబడుతుంది. వాటిలో ఒక చిన్నదాన్ని ఎంచుకుని, ఈ సెమిస్టరు దాని కోడు, దానిపై నమోదైన లోపాల జాబితా చదువు. తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డులు చేసే స్వేచ్ఛా ప్రాజెక్టులలో "క్ష్మ", "స్త్ర్య", "ర్త్స్య" వంటి సంయుక్తాక్షరాలు కొట్టి చూసి, విరిగినచోట ఫోను రకం, కూర్పు సంఖ్య, తెర ఫొటో జతచేసి లోపాన్ని నమోదు చేయి. మొదటిసారి జవాబు రాకపోతే నెల తరువాత మర్యాదగా మళ్ళీ అడుగు, ఎందుకంటే అవతల ఉన్నవారు చాలాసార్లు పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ రాత్రి ఈ పని చూస్తుంటారు. మీ తరగతిలో నలుగురు కలిసి చేస్తే ఫలితాలను మాకు రాయండి, ఈ పుటలలోనే ప్రచురిస్తాము.